కాజీపేట–పెద్దపల్లి రైల్లో ఛానల్ అంచనా: ముందు డాప్లర్ తీసేసి, తర్వాత కొలవడం

రైలు పరుగెత్తుతుంటే 4జీ టవరు నుంచి మన దాకా వచ్చే రేడియో ఛానల్ (దారిలో సంకేతం బలం, దశ మారే తీరు) ఎంత త్వరగా మారుతుంది, ఆ మార్పును చవక రిసీవరుతో ఎంత నమ్మకంగా అంచనా వేయవచ్చు అన్నది కొంతకాలంగా నా సెలవు రోజుల పని. ఈ విడతలో కాజీపేట నుంచి పెద్దపల్లి వరకు తీసిన రికార్డింగుల లెక్కలు ఒక కొలిక్కి వచ్చాయి. హనుమకొండ వీధుల్లో చక్కగా కుదిరిన పద్ధతి హసన్‌పర్తి దాటి పొలాల్లోకి వచ్చేసరికి ఎందుకు వెనుకబడింది, దానికి ఏ మార్పు చేస్తే ఫలితం బాగుపడింది అన్నది ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందుగా పరికరాలు. ఆర్‌టీఎల్2832యూ చిప్పు, ఆర్820టీ2 ట్యూనరు ఉన్న యూఎస్‌బీ డాంగిల్ (ఇదే ఆ చవక రిసీవరు), పాత ల్యాప్‌టాప్, 8.5 సెంటీమీటర్ల రాగి తీగతో చేసిన క్వార్టర్ వేవ్ యాంటెన్నా. 880 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు కాబట్టి ఆ కొలత. సెకనుకు 19.2 లక్షల నమూనాలు, ఒక్కో నమూనాకు రెండు బైట్లు, అంటే నిమిషానికి 230 మెగాబైట్లు. డిస్కులో ముందే ఖాళీ చేసుకోవాలి. వేగం కోసం ఫోనులో జీపీఎస్ లాగ్ నడుస్తుంటుంది.

గెయిన్‌ను (సంకేతాన్ని పెంచే మోతాదును) తప్పనిసరిగా చేత్తోనే స్థిరపరచాలి. నేను 29.7 డెసిబెల్స్ దగ్గర ఉంచాను. ఆటోమేటిక్‌లో వదిలేస్తే అది పెంచే, తగ్గించే ప్రతి అడుగూ ఫేడింగ్‌లాగే (దారిలో సంకేతం బలం హెచ్చుతగ్గులు కావడంలాగే) కనిపిస్తుంది. ఏది గాలిలో జరిగింది, ఏది డాంగిల్‌లో జరిగింది అని తర్వాత విడదీయడం సాధ్యం కాదు. రైల్లో స్లీపర్ బోగీ కిటికీ పక్క సీటు మేలు. ఏసీ బోగీ అద్దాల వెనుక సంకేతం బాగా బలహీనపడుతుంది. యాంటెన్నాను ఊచల లోపలి వైపే ఉంచాలి, బయటికి చాపకూడదు.

ఈ పనికి ఎవరి మాటలూ, ఎవరి డేటా అక్కరలేదు. 4జీ టవరు ప్రతి అర మిల్లీసెకను స్లాటులోనూ అందరికీ తెలిసిన పైలట్ సంకేతాలు పంపుతుంది. మొదటి యాంటెన్నా పోర్టుకు స్లాటులోని ఏడు సింబళ్లలో (చిన్న కాల భాగాల్లో) మొదటిదానిలో, ఐదవదానిలో, ప్రతి ఆరవ సబ్‌క్యారియర్ (బ్యాండులోని ఒక సన్నని ఫ్రీక్వెన్సీ) మీద అవి ఉంటాయి. సెల్ (టవరు నుంచి సేవ అందే ఒక భాగం) నంబరు (0 నుంచి 503 వరకు) తెలిస్తే పైలట్ల విలువలన్నీ లెక్కగట్టవచ్చు. మధ్యనున్న 72 సబ్‌క్యారియర్లలో ఆ విలువలు టవరు వాడే బ్యాండు వెడల్పును బట్టి మారవు. అందుకే ఇంత చిన్న డాంగిల్ సరిపోతోంది. వచ్చిన విలువను తెలిసిన విలువతో భాగిస్తే ఆ క్షణానికి ఛానల్ వస్తుంది, రొదతో కలిసి. ఆ రొదను తగ్గించడంలోనే అసలు పనంతా ఉంది.

హనుమకొండలో మా బావ బండి నడిపితే వెనుక కూర్చుని సుబేదారి నుంచి చౌరస్తా వరకు రికార్డు చేశాను. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి గరిష్ఠ డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) 24 హెర్ట్జ్. చుట్టూ మేడలు, బస్సులు, హోర్డింగులు ఉండడంతో తరంగాలు అన్ని దిక్కుల నుంచీ వస్తాయి. 1968లో క్లార్క్ అనే పరిశోధకుడు ఇచ్చిన నమూనా సరిగ్గా ఈ పరిస్థితికే. ఇప్పటి ఛానల్‌కూ కొద్దిసేపటి తర్వాతి ఛానల్‌కూ ఉన్న పోలిక ఒక బెసెల్ ఫంక్షన్ (ఊగుతూ తగ్గే గణిత వక్రం) వెంట తగ్గుతూ, 13 సెంటీమీటర్లు కదిలేసరికి సున్నాకు చేరుతుందని అది చెబుతుంది. జానెడైనా కదలకముందే పాత అంచనా చెల్లదన్నమాట. నా గ్రాఫులో వంపు ఆ గీతకు దగ్గరగానే వచ్చింది. ఆ పోలికతో తయారుచేసిన వీనర్ ఫిల్టర్ (పోలికను బట్టి పైలట్లకు బరువులిచ్చి రొదను తగ్గించే లెక్క), పైలట్ల మధ్య సరళరేఖ గీసే పద్ధతి కంటే స్పష్టంగా మెరుగ్గా నిలిచింది.

ఇక రైలు. గంటకు 110 కిలోమీటర్లకు గరిష్ఠ డాప్లర్ 90 హెర్ట్జ్. హసన్‌పర్తి తర్వాత ఉప్పల్ నుంచి (హైదరాబాద్ ఉప్పల్ కాదు, కమలాపూర్ దగ్గరిది) జమ్మికుంట వరకు పట్టాలకు రెండు వైపులా వరి పొలాలే. టవరు నేరుగా కనిపిస్తుంది. ఇక్కడ డాప్లర్ స్పెక్ట్రమ్ (ఏ డాప్లర్ దగ్గర ఎంత శక్తి ఉందో చూపే గ్రాఫు) గీస్తే క్లార్క్ చెప్పిన వెడల్పాటి ఆకారం రాలేదు. ఒకే ఒక్క సన్నని శిఖరం, దాని అడుగున చిన్న మట్టు (తక్కువ ఎత్తులో పరచుకున్న శక్తి), అంతే. ఛానల్ వేగంగా మారుతోంది నిజమే, కానీ ఆ మార్పులో ఎక్కువ భాగం ఒకే దిశలో క్రమంగా జరిగే తిరుగుడు (దశ మార్పు). 90 హెర్ట్జ్ వరకు ఎటైనా మారవచ్చని భావించే ఫిల్టర్, లేని చంచలత్వం కోసం చోటు విడిచిపెట్టి ఆ చోటులోకి రొదను రానిస్తోంది.

దీన్ని అంకెల్లో చూపించేందుకు స్లెపియన్ క్రమాలు చాలా అనుకూలం. సమయంలోనూ ఫ్రీక్వెన్సీలోనూ ఒకేసారి చిన్న పరిధిలో ఇమిడిపోగల ఈ క్రమాలను డేవిడ్ స్లెపియన్ 1978లో వివరించారు. మారే ఛానల్‌ను అంచనా వేయడానికి ఇవి ఫోరియర్ ఆధారం (సైన్ తరంగాల కూర్పు) కంటే మేలని జెమెన్, మెక్లెన్‌బ్రాయకర్ 2005లో చూపించారు. 20 మిల్లీసెకన్ల ముక్క తీసుకుంటే అందులో ఒక్కో సబ్‌క్యారియర్‌కు 40 పైలట్లు. డాప్లర్ అటూ ఇటూ 90 హెర్ట్జ్ అనుకుంటే ఆ ముక్కను వర్ణించడానికి దాదాపు ఐదు గుణకాలు (ఆ క్రమాలను ఎంతెంత కలపాలో చెప్పే అంకెలు) కావాలి: రెండు రెట్ల డాప్లర్‌ను ముక్క నిడివితో హెచ్చవేసి ఒకటి కలిపితే 4.6. ముందుగా ఆ ప్రధాన తిరుగుడును తీసేస్తే మిగిలిన వ్యాప్తి పొలాల్లో 20 హెర్ట్జ్ లోపే కనిపించింది. అప్పుడు రెండు గుణకాలు చాలు. అంచనాలో మిగిలే రొద గుణకాల సంఖ్యకు అనులోమంగా ఉంటుంది. ఐదు నుంచి రెండుకు దిగడమంటే 4 డెసిబెల్స్ లాభం, అదనపు పైలట్ ఒక్కటి కూడా లేకుండా! ఈ లెక్క కాగితం మీద చూసినప్పటికన్నా సొంత రికార్డింగులో కనిపించినప్పుడు కలిగిన ఆనందం వేరు. ముక్క అంచుల దగ్గర అంచనా ఎప్పుడూ బలహీనమే కాబట్టి ముక్కలను సగం సగం అతివ్యాప్తం చేసి మధ్య భాగాన్నే ఉంచుకుంటున్నాను. పైథాన్‌లో సైపై (శాస్త్ర గణనల లైబ్రరీ) ఉంటే ఈ క్రమాలు ఒక్క వరుసలో వచ్చేస్తాయి.

అంచనా సరైనదో కాదో ఎలా తెలుసుకోవడం? నిజమైన ఛానల్ ఎవరూ చెప్పరు. నేను వాడుతున్న మార్గం పైలట్లలో కొన్నింటిని దాచిపెట్టడం. నాలుగు స్లాట్లకు ఒకటి మాత్రమే అంచనాకు ఇచ్చి, మిగతా మూడింటితో సరిచూస్తాను. పోలికలో ఆ మూడింటి సొంత రొదను తీసివేయాలి, లేదంటే ఏ పద్ధతిలోనైనా దోషం ఒకే కనిష్ఠ స్థాయి దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది. దీనివల్ల ఇంకో ప్రయోజనం ఉంది. 90 హెర్ట్జ్‌కు పైలట్ల మధ్య 2 మిల్లీసెకన్ల ఎడం, 3.5 గిగాహెర్ట్జ్ 5జీలో అదే రైలుకు వచ్చే దాదాపు 356 హెర్ట్జ్‌కు అర మిల్లీసెకను ఎడంతో సమానం. నా డాంగిల్ 1.7 గిగాహెర్ట్జ్ దాటి వినలేదు. అయినా పైలట్లను పలుచన చేసి పై బ్యాండు కష్టాన్ని కింది బ్యాండులోనే పరీక్షించవచ్చు. సబ్‌క్యారియర్లు ఒకదానిలోకి ఒకటి కారే ఇబ్బంది మాత్రం ఈ పద్ధతిలో కనిపించదు.

కాల్మన్ ఫిల్టర్ (గత అంచనానూ కొత్త కొలతనూ కలిపే పద్ధతి) కూడా పెట్టి చూశాను. క్లార్క్ నమూనా నుంచి దాని గుణకం (గతాన్ని ఎంతమేరకు నమ్మాలో చెప్పేది) అర మిల్లీసెకను ఎడానికి 0.98, 2 మిల్లీసెకన్లకు 0.70 వస్తుంది. తిరుగుడు తీసేయకుండా నడిపితే 0.70 దగ్గర అది గతాన్ని పెద్దగా నమ్మదు, వచ్చిన పైలట్‌నే దాదాపు అలాగే తిప్పి ఇస్తుంది. తీసేశాక గుణకం ఒకటికి దగ్గరవుతుంది, ఫిల్టర్‌కు నిజంగా పని దొరుకుతుంది. కంప్యూటర్‌కు భారం తక్కువ కావాలంటే ఇదే మంచిది.

తిరుగుడు తీసేసే చోట రెండు జాగ్రత్తలు. డాంగిల్ గడియారంలో ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా ఉన్నా అది 880 హెర్ట్జ్, డాప్లర్‌కు పది రెట్లు. ఛానల్ అంచనాకు రెండూ కలిపి తీసేసినా నష్టం లేదు. డాప్లర్ విలువే కావాలంటే రైలు జమ్మికుంటలో ఆగి ఉన్నప్పుడు ఒకసారి కొలిచి, కదిలాక వచ్చే తేడా చూడాలి. అదీ ఒకే సెల్ ఉన్నంతవరకే. పెద్ద టవర్లకు 4జీ ప్రమాణం అనుమతించే 0.05 పీపీఎం తేడా కూడా ఇక్కడ 44 హెర్ట్జ్ అవుతుంది. సెల్ మారితే లెక్క మళ్లీ మొదలు.

రెండోది టవరును దాటే క్షణం. అప్పుడు డాప్లర్ ప్లస్ నుంచి మైనస్‌కు పడుతుంది. పట్టాలకు 50 మీటర్ల దూరంలో టవరుంటే ఆ పడే వేగం సెకనుకు 55 హెర్ట్జ్, 200 మీటర్లుంటే 14. డాప్లర్‌కు సెకను నిడివి సగటు తీస్తే అది దూరపు టవరుకు సరిపోతుంది కానీ దగ్గరి టవరుకు చాలదు. అందుకే ప్రస్తుతానికి 100 మిల్లీసెకన్ల సగటు పెట్టాను. కాజీపేట టౌన్ పరిసరాల్లో ప్రధాన శిఖరమే లేనప్పుడు తిరుగుడు తీయకుండా ఐదు గుణకాల పద్ధతికి మారేలా ఒక షరతు కూడా రాశాను. శిఖరంలోని శక్తి మొత్తంలో సగానికి మించితేనే తీస్తుంది.

తర్వాతి పని పెద్దపల్లి దాటి రామగుండం, మంచిర్యాల వైపు రికార్డింగులు. మధ్యలో గోదావరి వంతెన ఉంది. పట్టాల పక్కన వరుసగా ఉన్న విద్యుత్ లైను ఉక్కు స్తంభాల నుంచి వచ్చే ప్రతిధ్వని ఆ చిన్న మట్టులో ఎంత భాగమో విడదీయాలని ఉంది. స్తంభాల ఎడాన్ని రైలు వేగంతో భాగిస్తే వచ్చే వ్యవధిలో అది పునరావృతం కావాలి. ఆ వ్యవధి రెండు సెకన్ల చుట్టూ ఉంటుంది కాబట్టి రికార్డింగులు ఒక్కొక్కటి కనీసం ఐదు నిమిషాలు ఉండేలా చూసుకుంటాను.