వంతెన కింది వీధి: మెహదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా

శంషాబాద్ విమానాశ్రయానికి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్ళేవారు మెహదీపట్నంలో పైకెక్కి ఆరాంఘర్‌లో దిగుతారు. మధ్యలో ఉన్న 11.6 కిలోమీటర్ల ఊరు వారికి డాబాల మీది నీళ్ళ ట్యాంకులుగా, మసీదు మినార్లుగా, దండేల మీద ఆరేసిన బట్టలుగా కనిపించి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ ఊరిని కింద నుండి, కాలినడకన చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. నగరం నడిబొడ్డున వేసిన పెద్ద రహదారులను తొలగించి, వాటి చోట మామూలు వీధులను తిరిగి నిలబెట్టుకున్న నగరాల గురించి కొన్నేళ్ళుగా శ్రద్ధగా చదువుతూ వచ్చాను. ఆ చదువు మన నేల మీద ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవాలంటే నడిచి చూడవలసిందేనని తోచి, సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ నుండి హైదరాబాద్ వెళ్ళాను.

సంక్రాంతిని కావాలనే ఎంచుకున్నాను. భోగికి ముందు విజయవాడ దారిలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతాయి, ఆ మేరకు నగరంలోని రోడ్లు తేలికపడతాయి. ఒకే రోడ్డును వాహనాలు పలచబడిన పండుగ రోజుల్లోనూ, అందరూ తిరిగి వచ్చాకా చూస్తే, దానికి అటూ ఇటూ ఉన్న మనుషుల మధ్య అడ్డుగా నిలిచినదేమిటో స్పష్టంగా తెలుస్తుందని అనుకున్నాను.

మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి దగ్గర నడక మొదలుపెట్టాను. ఆసుపత్రి, రైతుబజారు, బస్సులు ఆగే చోటు, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే దారి అన్నీ అక్కడక్కడే ఉన్నాయి. ఒక కంటికి కట్టు కట్టించుకున్న పెద్దాయన కొడుకు భుజం పట్టుకొని, బస్సుకూ బస్సుకూ మధ్య సందు దొరుకుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. పండుగ పూట కూడా అక్కడ రద్దీ తగ్గలేదు. పాదచారుల కోసం ఇక్కడ స్కైవాక్ నిర్మాణం చేపట్టారు. లిఫ్టులు సరిగా పనిచేస్తే దానివల్ల కొంత మేలు జరుగుతుంది, కాని నడిచే మనిషిని మెట్లెక్కించి వాహనాన్ని నేల మీద ఉంచడం నాకు తలకిందుల ఏర్పాటుగానే తోస్తుంది.

ఈ వంతెన అవసరాన్ని నేను కాదనను. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాద్‌కు తరలిపోయింది. అంత దూరానికి వేగంగా చేరే దారి కావాలన్నారు, 2009 అక్టోబర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. అయితే పైకి ద్విచక్ర వాహనాలకూ, ఆటోలకూ, నడిచేవారికీ అనుమతి లేదు. కింద ఉన్న పేటల్లో ఎక్కువమంది తిరిగేది వాటి మీదే. అంటే వంతెన నీడ ఎవరి ఇళ్ళ ముందు పడుతుందో, వారిలో చాలామందికి అది దాటిపోయే వస్తువే తప్ప వాడుకునే వస్తువు కాదు. వారికి మిగిలినవి వరుసగా అంకెలు వేసిన స్తంభాలు. ఇప్పుడు ఆ అంకెలే చిరునామాలు: "అత్తాపూర్ పిల్లర్ నంబర్ 143 దగ్గర" అంటే ఆటోవారికి మరో గుర్తు అవసరం లేదు.

రేతిబౌలి దాటాక ఫుట్‌పాత్ కొంతదూరం కనిపిస్తుంది, తరువాత ట్రాన్స్‌ఫార్మర్ కిందికో, దుకాణం మెట్ల కిందికో, వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళ కిందికో పోతుంది. స్తంభాల వరుస పొడవునా డివైడర్ ఉంది. వాహనాలకు అక్కడక్కడా యూటర్న్‌లు వదిలారు. మనుషులకు వదిలిన దారులు అంతకంటే అరుదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుండి బంతిపూల మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు డివైడర్ మీదికి ముందు మూటలను ఎక్కించి, తరువాత తాము ఎక్కి, అవతలికి దిగి వెళ్ళారు. అది వారికి రోజూ అలవాటైన పని అని ఆ చేతుల ఒడుపు చూస్తేనే తెలిసింది.

అత్తాపూర్ పక్కనున్న హైదర్‌గూడలో మా పెద్దమ్మ ఇల్లు. ఆమె ఇక్కడికి కాపురానికి వచ్చినప్పుడు ఈ వంతెన లేదు, కింది రోడ్డు కూడా ఇంత వెడల్పు లేదు. ఆమె తోటికోడలు రోడ్డుకు అవతలి వైపు ఉంటుంది. "ముందుగాల పొయ్యి మీద పప్పు పెట్టి, పోయి మాట్లాడి, అది ఉడికేలోపు వస్తుంటి. గిప్పుడు సర్వపిండి పట్టుకొని పోతే అది అందేసరికి సల్లారిపోతది, బిడ్డా," అన్నది. దూరం పెరగలేదు, రెండు ఇళ్ళూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. రాకపోకలు మాత్రం పండుగలకూ పబ్బాలకూ పరిమితమయ్యాయి.

సంక్రాంతి నాడు ఆ రోడ్డే వేరుగా ఉంది. డాబాల మీద పతంగుల కేకలు, స్తంభాల మధ్య పిల్లల క్రికెట్, వంతెన అంచుకు చిక్కిన పతంగి దారం కోసం కింద నుండి గాలం వేసే కుర్రవాళ్ళు. పెద్దమ్మ సకినాల డబ్బా పట్టుకొని, చెయ్యెత్తి ఎవరినీ ఆపవలసిన అవసరం లేకుండా, నెమ్మదిగా డివైడర్ సందు దాకా నడిచి అవతలికి వెళ్ళింది. ఆమెతో పాటు నేనూ వెళ్ళాను. ఇద్దరు తోటికోడళ్ళూ అరుగు మీద కూర్చొని మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. పండుగ అయిపోయి బడులూ ఆఫీసులూ తెరిచాక అదే చోట ఆమెతో మళ్ళీ నిలబడ్డాను. టీ కొట్టు ముందు మేము ఎదురుచూసినంతసేపటిలో పక్కనే ఒకరు టీ అడిగి, తాగి, డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. చివరికి ఒక ఆర్టీసీ బస్సు డ్రైవర్ బండి ఆపి, వెనక వచ్చేవారికి చేత్తో సైగ చేసి మాకు దారి ఇచ్చాడు.

బస్సు విషయం ఇక్కడ చెప్పి తీరాలి. 2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, ఈ పేటల ఆడవాళ్ళకు అది పెద్ద ఆసరా అయింది. కాని బస్సులో వెళ్ళి బస్సులోనే తిరిగి వచ్చే ప్రతి మనిషీ రోజుకు ఒక్కసారైనా రోడ్డు దాటి తీరాలి, ఎందుకంటే ఎక్కే స్టాపు ఒక వైపు ఉంటే దిగే స్టాపు మరో వైపు ఉంటుంది. డబ్బు కట్టనక్కరలేని ప్రయాణానికి ఇంటి ముందరి రోడ్డే అడ్డుపడితే ఆ మేలు సగం చేతికందదు. రోడ్డు దాటే చోటు కూడా బస్సు సౌకర్యంలో భాగమేనని రవాణా గురించి ఆలోచించేవారు గుర్తించాలని నా గట్టి అభిప్రాయం.

అత్తాపూర్ దగ్గర మూసీని చూస్తూ నిలబడినప్పుడు సియోల్ గుర్తుకు రావడం సహజం. మూసీ పునరుజ్జీవనం కోసం 2024 అక్టోబర్‌లో తెలంగాణ నుండి మంత్రులు, పాత్రికేయులు వెళ్ళి అక్కడి చంగ్యెచన్ వాగును చూసి వచ్చారు. మన దగ్గర ఆ చర్చ ప్రధానంగా నీటి చుట్టూ సాగింది. నా మనసు మాత్రం ఆ వాగు మీద ఒకప్పుడు ఉన్న రోడ్డు మీదే నిలిచింది. కొరియా యుద్ధం తరువాత వాగును కప్పివేసి, దాని మీద ఎత్తయిన రహదారి కట్టారు. 2003 జులై 1న మేయర్ లీ మ్యుంగ్‌ బాక్ హయాంలో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబర్ 1న దాదాపు 5.8 కిలోమీటర్ల వాగును, దాని వెంట నడకదారినీ ప్రజలకు తెరిచారు. రోజుకు లక్షకు పైగా వాహనాలు తిరిగిన దారి పోయినా నగరం స్తంభించలేదు. పనులు నడుస్తుండగానే, 2004 జులైలో, సియోల్ తన బస్సు వ్యవస్థను తిరగరాసింది. రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేక వరుసలు కేటాయించింది. రోడ్డు తీసివేయడం, బస్సును బలపరచడం జోడు పనులుగా సాగబట్టే అది సాధ్యమైంది. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని మెచ్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఉప్పర్‌పల్లి, శివరాంపల్లి మీదుగా మిగిలిన దారి త్వరగానే గడిచింది. ఆరాంఘర్ చౌరస్తాలో ఎక్స్‌ప్రెస్‌వే నేలకు దిగుతుంది. అక్కడి నుండి జూపార్కు వైపు వెళ్ళే, నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న మరో ఫ్లైఓవర్ 2025 జనవరిలో ప్రారంభమైంది. ఒకటి ముగిసిన చోటనే మరొకటి మొదలవుతుంది.

అయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వేను రేపే కూల్చాలా? నేను అలా అనను. విమానాశ్రయానికి మెట్రో వంటి దారి లేని నగరంలో ఆ మాట బాధ్యత లేనిదవుతుంది. కాని కాంక్రీటుకూ వయసు ఉంటుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్ నగరంలో 1960ల నాటి ఇంటర్‌స్టేట్ 81 వంతెన, నల్లజాతివారు ఎక్కువగా నివసించిన 15వ వార్డును తుడిచిపెట్టి నిలిచింది. అది పాతబడి, మళ్ళీ కట్టాలా తీసివేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, దూరప్రయాణపు వాహనాలను నగరం చుట్టూ మళ్ళించి, వంతెన చోట మామూలు వీధులు వేయాలని ఏళ్ళ తరబడి వాదోపవాదాల తరువాత నిర్ణయించారు. 2023లో పనులు మొదలయ్యాయి. అదే రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఇన్నర్ లూప్ అనే లోతైన రహదారి తూర్పు భాగాన్ని 2014, 2017 మధ్య మట్టితో పూడ్చి, నేల మట్టానికి వీధి వేశారు. ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్ళున్నాయి. మనకు నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఇప్పటికే ఉంది. ఎక్స్‌ప్రెస్‌వేకు పెద్ద మరమ్మతు అవసరమైన నాడు ఈ ప్రశ్న మన ముందుకూ వస్తుంది. ఆ నాటికి కింద ఒక వీధి బతికి ఉంటేనే దాన్ని కాపాడుకుందామని అడిగేవారు ఉంటారు.

వీధి తిరిగి బతకడం అంటే ఏమిటో హైదరాబాద్‌లోనే చూడవచ్చు. మరునాడు సాయంత్రం మదీనా చౌరస్తా నుండి పత్థర్‌గట్టి మీదుగా చార్మినార్‌కు నడిచాను. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద తరువాత నగరాన్ని తీర్చిదిద్దేందుకు 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ వీధికి రాతి కమానుల వరుసను ఇచ్చింది. ఎండా వానా తగలకుండా దుకాణాల ముందు నడిచేందుకు కప్పు ఉన్న వసారా, పైన మరో అంతస్తు. మండుటెండల ఊరికి ఇంతకంటే తగిన వీధి రూపం నాకు తెలియదు. ఒకప్పుడు బస్సులూ లారీలూ చార్మినార్ చుట్టూ తిరిగేవి, పొగకు గచ్చు నల్లబడేది. పాదచారుల పథకం కింద చార్మినార్ చుట్టూ వాహనాలను మళ్ళించి, రాళ్ళు పరిచారు. పని దశాబ్దాలు సాగింది; మళ్ళించిన వాహనాల బరువు పక్క సందుల మీద పడింది, అక్కడివారి ఫిర్యాదు న్యాయమైనదే. అయినా గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చూస్తే, పిల్లల చేతులు వదిలి నడిచే తల్లులు కనిపిస్తారు. అత్తాపూర్‌లో అంత దూరం నడిచినా ఒక్క తల్లీ పిల్ల చెయ్యి వదలడం నేను చూడలేదు.

లాడ్‌బజార్ మలుపులో తోపుడు బండి మీద జామకాయలు అమ్మే ఒకతనితో మాట్లాడాను. "కార్లను ఆపుతమన్నప్పుడు, మా తోపుడు బండ్లను కూడా కార్లల్ల లెక్కేస్తరేమోనని భయపడ్డం సార్," అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. సియోల్‌లో వాగు కోసం తొలగించిన వీధి వ్యాపారులను మొదట దోంగ్‌డెమున్ స్టేడియంలోకి పంపారు. తరువాత ఆ స్టేడియాన్నీ కూల్చారు, వారు మరోచోటికి కదలవలసి వచ్చింది. అందమైన వీధి వచ్చింది గాని దాన్ని అంతకాలం నిలబెట్టినవారికి అందులో చోటు మిగలలేదు. మన దేశంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది; పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలని, సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించకూడదని అది చెబుతుంది. స్తంభాల కింద మొక్కజొన్న కాల్చే ఆమె, పంక్చర్లు వేసే అబ్బాయి, బంతిపూలు పరుచుకున్నవారు ఆ సర్వేలో పేరు ఉన్నవారైతేనే వంతెన కింది వీధిని బాగు చేయడం మొదలుపెట్టాలి.

తిరుగు ప్రయాణానికి ముందు పెద్దమ్మ, ఆమె తోటికోడలు, కాలనీలోని మరికొందరు ఆడవాళ్ళు కలిసి నగరపాలక సంస్థకూ ట్రాఫిక్ పోలీసులకూ ఒక దరఖాస్తు రాయమని అడిగితే రాసి ఇచ్చాను. రెండు బస్టాపులకు ఎదురుగా డివైడర్ తొలగించి ఫుట్‌పాత్ ఎత్తున రోడ్డుకు అడ్డంగా దాటే దారి వేయాలని, దానికి ముందు వాహనాలు నెమ్మదించే ఏర్పాటు ఉండాలని, స్తంభాల మధ్య ఖాళీలో కూర్చునే చోట్లు కట్టాలని, అక్కడ అమ్ముకునేవారిని కదిలించకూడదని అందులో ఉంది. సిగ్నల్ గురించి వాక్యం పెద్దమ్మ తానే చెప్పి రాయించింది: పచ్చ దీపం ఎంతసేపు వెలగాలో నిర్ణయించే ముందు, కాలనీలోని ముసలివాళ్ళలో ఒకరిని అక్కడ నడిపించి, గడియారం పట్టుకొని చూడాలని.