ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు

విజయవాడలో గ్యాసు బండలు వేయడం నా పని. పదిహేడేళ్ళుగా ఇదే. బండలో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు మరో పదిహేనో పదహారో. మొత్తం మీద ముప్పై కిలోలు. కింద వీధుల్లో అయితే ఆటో నుంచి దించి గుమ్మం దాకా దొర్లించుకుంటూ వెళ్ళిపోవచ్చు. నాది కొండ లైను. వన్‌టౌన్‌లో కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టినట్టుండే ఇళ్ళు చూసినవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది. అక్కడికి చక్రం వెళ్ళదు. మెట్లు, భుజం, అంతే. మా లైనులో అన్నిటికన్నా పైనున్న ఇంటికి 164 మెట్లు.

మధ్యలో నాలుగేళ్ళు మాత్రం నేను మోయలేదు. ఆటో నడిపేవాణ్ణి, ఇద్దరు కుర్రాళ్ళు మోసేవారు. ఆ నాలుగేళ్ళలోనే ఒళ్ళు వచ్చింది. కూర్చుని నడిపే పని, పూటకు మూడు టీలు, సాయంత్రం పునుగులు, రాత్రి పదింటికి పళ్ళెం నిండా అన్నం. 94 కిలోలకు చేరాను. 2023 ఫిబ్రవరిలో మోకాళ్ళ నొప్పులని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే రక్తపరీక్ష రాశారు. షుగరు బయటపడింది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.1 శాతం.

డాక్టరు గారు కాగితం చూసి, నా పొట్ట చూసి, "తిండి తగ్గించు, అన్నీ అవే తగ్గుతాయి" అన్నారు. మాత్ర రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బయట కౌంటరులో ఒక అచ్చు కాగితం ఇచ్చారు. పైన 1200 క్యాలరీలు అని ఉంది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు, కీరదోస. ఆ గదిలో నేనున్నది మూడు నిమిషాలు ఉంటుందేమో. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు, వాళ్ళ పరిస్థితీ నాకు తెలుసు. కానీ "నువ్వు ఏం పని చేస్తావు?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఎందుకంటే సరిగ్గా ఆ నెలలోనే మా కుర్రాళ్ళిద్దరూ పని మానేశారు. బండ మళ్ళీ నా భుజం మీదికి వచ్చింది. రోజుకు ముప్పై, ముప్పై అయిదు. ఒకవైపు మోత పెరిగింది, మరోవైపు తిండి సగానికి పడిపోయింది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. నా తప్పు కూడా ఉంది, దాచుకోను. భయం కొద్దీ ఆ కాగితంలో ఉన్నదీ పూర్తిగా తినలేదు. రెండు ఇడ్లీలు అని రాస్తే ఒకటి తిన్నాను. శుక్రవారాలు అమ్మవారి పేరు చెప్పుకుని ఒక్కపొద్దు మొదలుపెట్టాను. భక్తీ అవుతుంది, బరువూ తగ్గుతుంది అనుకున్నాను.

బరువు తగ్గింది. పదకొండు వారాల్లో పదమూడు కిలోలు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాను. మా బావమరిది ఉగాదికి వచ్చి "బావా, మళ్ళీ పెళ్ళికొడుకువైపోయావు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వారం రోజులు అదే తలచుకుంటూ మెట్లెక్కాను.

ఒళ్ళు మాత్రం వేరే మాట చెబుతూనే ఉంది. అంతకుముందు ఒక్క ఊపున ఎక్కే మెట్లకు మూడుచోట్ల బండ దించవలసి వచ్చేది. రెగ్యులేటరు బిగించేటప్పుడు వేళ్ళు వణికేవి. బండ మూతి మీది సీలు దారం లాగడానికి పట్టు చిక్కేది కాదు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసేవి. ఇంట్లో అయినదానికీ కానిదానికీ అరిచేవాణ్ణి. అన్నిటికన్నా పైనున్న ఇంట్లో ఒక మామ్మ ఉంటుంది. నన్ను చూసి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. "వద్దు మామ్మా, నాకు షుగరు" అన్నాను. "మజ్జిగలో పంచదార ఎక్కడిది నాయనా, మొహం పాలిపోయింది, తాగు" అంది. తాగకుండానే దిగి వచ్చేశాను. చదువుకోని ఆ మామ్మకు కనిపించింది నాకు కనిపించలేదు.

మే రెండో వారం, శుక్రవారం. బెజవాడ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజు 38 బండలు వేశాను. ఇంటికొచ్చేసరికి ఆకలి చచ్చిపోయింది. రాత్రి మాత్ర మాత్రం మరచిపోకుండా వేసుకున్నాను, మాత్ర విషయంలో నేను చాలా నిక్కచ్చి. ఒక కీరదోసకాయ, గ్లాసు పల్చటి మజ్జిగ తీసుకుని పడుకున్నాను.

ఆ తరువాతది నాకు గుర్తున్నది కొంత, మావాళ్ళు చెప్పింది కొంత. నాకు గుర్తున్నది మెట్లు. భుజం మీద బండతో ఎక్కుతున్నాను, ఎంతకీ ఇల్లు రాదు. లెక్క 164 దాటిపోయింది, రెండొందలు దాటింది, పైన ఇంకా మెట్లే. బండ దించుదామంటే చెయ్యి కదలదు.

రాత్రి రెండు గంటలప్పుడు నా భార్యకు చేతికి తడి తగిలి మెలకువ వచ్చిందట. నీళ్ళ సీసా ఒలికిందనుకుంది. లైటు వేస్తే పరుపు, దిండు, నా బనియను అన్నీ పిండితే కారేటట్టు ఉన్నాయి. ఫ్యాను గిర్రున తిరుగుతోంది, ఒళ్ళు చల్లగా ఉంది. "ఏమండీ, ఏమండీ" అని కుదిపితే నేను కళ్ళు తెరిచి "ఖాళీ బండ ఇవ్వండమ్మా" అన్నానట. ఆమెను గుర్తుపట్టలేదు. లేపబోతే చేత్తో తోసేశాను. ఆమె గోడకు తగిలి పడింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను ఆమె మీద చెయ్యి వేసింది ఆ ఒక్కసారే. అది నాకు గుర్తు కూడా లేదు.

మా అత్తగారు గాలి సోకిందని నిమ్మకాయ కోసం పరుగెత్తారు. మా అమ్మాయి ఇంటర్లో బైపీసీ. అదే ముందుగా గ్రహించింది. "అమ్మా, నాన్నకు షుగరు పడిపోయింది" అని పక్కింటి పిన్నిగారి తలుపు బాది మిషను తెచ్చింది. వేలు గుచ్చితే 36 చూపించింది, 70 కంటే తగ్గకూడదు. పంచదార నీళ్ళు కలిపి నోట్లో పోశారు. నాకు పొలమారి ఊపిరి ఆడలేదు. ఇక అయిపోయిందనుకున్నారట. 108 కు ఫోను చేశారు. ఆ బండిలో వచ్చిన అబ్బాయి నరంలోకి గ్లూకోజు ఎక్కించాక, నేను కళ్ళు తెరిచి "టైమెంతయింది, గోడౌనుకు వెళ్ళాలి" అన్నానట. మా అమ్మాయి అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాట విన్నాకే ఏడ్చింది.

ఇంటికి పంపేస్తారనుకున్నాం. పెద్దాసుపత్రిలో పంపలేదు. ఆ రకం మాత్ర, గ్లిమిపిరైడు, మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ ఊరిస్తూనే ఉంటుందట. దానికితోడు పగలంతా కష్టపడిన కండ రాత్రి కూడా రక్తంలోంచి చక్కెర లాక్కుంటూనే ఉంటుంది. ఒకసారి ఎక్కించినా మళ్ళీ పడిపోవచ్చు. పడింది కూడా. తెల్లవారుజామున అయిదున్నరకు మళ్ళీ 52. గంట గంటకూ వేలు గుచ్చి చూసిన నర్సమ్మ లేకపోతే ఈ మాటలు రాసే అవకాశం నాకు ఉండేది కాదు. ఆమె ఆ వార్డులో ఎన్ని మంచాలు చూసుకుంటోందో నేను కళ్ళారా చూశాను. కోపం, విసుగు నేనెక్కడా చూడలేదు.

ఆమే తెల్లారాక నా చొక్కా మార్చబోతూ ఆగిపోయింది. కుడి భుజం మీద వేలు పెట్టి "ఇక్కడ ఇలా కాయ కాసిందేమిటి? మీరు ఏం పని చేస్తారు?" అంది. చెప్పాను. "రోజుకు ఎన్ని?" అంది. చెప్పాను. "మరి ఏం తింటున్నారు?" అంది. అదీ చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్ళి పెద్ద డాక్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చింది. మూడు నెలలుగా ఎవరికీ తట్టని ప్రశ్న, ఒక కాయను చూసి ఆమెకు తట్టింది.

ఆ మాత్ర ఆపేసి మెట్‌ఫార్మిన్ అనే మరో షుగరు మాత్ర ఒక్కటే రాశారు. ఆహారం సంగతి చెప్పే మేడం నన్ను కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క చూపించారు. 65 కిలోల మగవాడు కూర్చుని పనిచేస్తే రోజుకు 2110 క్యాలరీలు, బరువు పని చేస్తే 3470. "మీకు ఇచ్చిన 1200 కుర్చీలో కూర్చునేవాడికే చాలదు" అన్నారు. నేను పోగొట్టుకున్న పదమూడు కిలోల్లో కొవ్వు ఒక్కటే లేదు, కండ కూడా పోయింది. అందుకే సీలు దారం లాగలేకపోయాను. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. బావమరిది మెచ్చుకున్నది నా కండ కరిగిపోవడాన్ని.

"తగ్గండి, కానీ వారానికి అరకిలో మించి వద్దు. 2600 కంటే కిందికి రావద్దు" అన్నారావిడ. ఇప్పుడు నేను తినేది చెబుతాను, మోసే పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతారని. పొద్దున ఆరింటికి రెండు పెసరట్లు, ఒక గుడ్డు. పదింటికి కొండ కిందే ఆగి, నానబెట్టి ఉడికించిన సెనగల గుగ్గిళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ. ఇది ఏ రోజూ మానను, ఎంత తొందరున్నా సరే. మధ్యాహ్నం అన్నం గ్లాసుతో కొలిచి, పప్పు మాత్రం పూర్వం కంటే రెట్టింపు, వారంలో మూడు రోజులు చేప. నాలుగింటికి అరటిపండు, గుప్పెడు పల్లీలు. రాత్రి ఎనిమిది దాటకుండా జొన్నరొట్టెలు, కూర, పెరుగు. పోయినవి పంచదార టీలు, పునుగులు, రాత్రి పదింటి అన్నం. మొదట రెండు కిలోలు పెరిగాను, కంగారుపడ్డాను. తరువాత నెలకు కిలో లోపే తగ్గుతూ ఏడాదికి 76కు వచ్చాను. సగటు 6.4. మళ్ళీ పట్టు వచ్చింది, దారం ఒక్క లాగుకు వస్తోంది.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంట తరువాత మళ్ళీ చూడాలి, 70 దాటకపోతే మళ్ళీ తాగాలి, తేరుకున్నాక ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108 కు ఫోను చేయండి. నాకు పొలమారినా బతికానంటే అది అమ్మవారి దయ. ఎవరికి వారు మాత్రలు మార్చుకోవడం, ఆపేయడం కూడా చేయకండి.

డిశ్చార్జి కాగితం పట్టుకుని ఆ మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చదివి, "నేను తగ్గించమన్నాను, మానేయమన్నానా?" అన్నారు. నిజమే, మానేయమనలేదు. జవాబు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. బయట మళ్ళీ అరవై మంది. వాళ్ళలో ఒకామె పక్కన పార, తట్ట ఉన్నాయి. చేతిలో అదే అచ్చు కాగితం. ఆమె దగ్గర కూర్చుని నాకు తెలిసింది చెప్పాను. విన్నదో లేదో తెలియదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

దసరాకు మావాళ్ళ మొక్కు ఉంటే ఇంద్రకీలాద్రి మెట్లదారిలో ఎక్కాం. మా అమ్మాయి గుగ్గిళ్ళ డబ్బా పట్టుకుని నా వెనకే ఎక్కింది. ఒక్కపొద్దులు మానేసినందుకు అమ్మవారికి చెప్పుకున్నాను, ఆమెకు కోపం వస్తుందని నేను అనుకోను. కొండ మీది మామ్మ ఇచ్చే మజ్జిగ ఇప్పుడు అడిగి మరీ తాగుతున్నాను.

నా భార్య మాత్రం ఇప్పటికీ రాత్రి రెండింటికి లేస్తుంది. లైటు వేయదు. నా వీపు మీద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. నాకూ ఆ వేళకు మెలకువ వచ్చేస్తోంది. ఆమె చెయ్యి తీసేదాకా కదలకుండా పడుకుని ఉంటాను.