తల్లి వాసన పట్టేదాకా

ఫాల్గుణం మొదటి వారంలో ఫిరంగిపురం వెళ్లాను. విజయవాడ నుంచి గుంటూరు, అక్కడ దిగి నరసరావుపేట బస్సు. పేరేచర్ల దాటాక పొలాల్లో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ తీస్తే చాలు, గొంతులో గరగర. పక్క సీటులో పెద్దావిడ "చున్నీ అడ్డం పెట్టుకో అమ్మా" అంది. ఆ చున్నీ గురించి తర్వాత చెప్తాను.

పిన్ని వాళ్ల దొడ్డి ఊరికి అవతల ఉంటుంది. ఆవిడ మా అమ్మ పెదనాన్న కూతురు. మా తాతయ్య బతికినన్నాళ్లూ మంద వెనక నడిచిన మనిషి. అమ్మ పెళ్లయి విజయవాడ కృష్ణలంక వచ్చేసింది. మా ఇంట్లో గొర్రె అన్న మాట ఆదివారం మాంసం కొట్టు దగ్గర తప్ప వినపడేది కాదు. తాతయ్య రోజంతా ఏం చేసేవాడో ఒక్కసారైనా కళ్లారా చూడాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. దొడ్లో పిల్లలే ఉన్నాయి, తల్లులు మేతకు పోయాయి. పుష్యంలో పుట్టినవి గెంతుతూ తిరుగుతున్నాయి. మరీ చిన్నవాటిని పిన్ని వెదురు గంప కింద మూసిపెట్టింది. అన్నీ నెల్లూరు జాతే. ఏది ఏ రకమో పిన్ని వేలు పెట్టి చూపించింది. ఒళ్లంతా తెలుపైతే పల్ల. తెల్లటి ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుంటే జోడిపి. ఎర్రమట్టి రంగుది దొర. గొర్రె అంటే ఉన్ని అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి: వీటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మన దేశంలో ఇంత ఎత్తు పెరిగే గొర్రె జాతి మరొకటి లేదు.

పొద్దు వాలుతుండగా మంద వచ్చింది. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. దూరంగా దుమ్ము కనపడగానే పిల్లలన్నీ ఒక్కసారి అరవడం మొదలుపెట్టాయి. అటు నుంచి తల్లులు. ముప్పై తల్లులు, ఇరవై పైచిలుకు పిల్లలు, అందరి గొంతూ నాకు ఒకేలా వినపడింది. బాబాయి తడిక తీశాడు. పిల్లలు కాళ్ల మధ్య నుంచి దూరి పరిగెత్తాయి. ఒక జోడిపి పిల్ల తొందరలో వేరే గొర్రె పొదుగు కిందకు దూరింది. అది మెడ తిప్పి పిల్ల తోక దగ్గర ఒక్కసారి వాసన చూసి, తలతో ఒక్క పోటు పొడిచింది. పిల్ల లేచి ఇంకో దాని దగ్గరికి పోయింది. అదీ వాసన చూసింది, కానీ ఈసారి కదలకుండా నిలబడింది. పిల్ల తోక గిలగిలా ఆడింది.

"గొంతు విని దగ్గరికొస్తాయి. నాదా కాదా అనేది ముక్కే చెప్తుంది" అన్నాడు బాబాయి.

మర్నాడు ఐదింటికే పిన్ని లేపింది. ఇద్దరం దొడ్డి ఊడ్చి పెంటికలు కుప్ప చేశాం. ఈ ఎరువంటే రైతులకు ప్రాణం. పంట తీసేసిన చేలో రాత్రిపూట మంద కట్టించుకుని, అందుకు డబ్బులిచ్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు. గొర్రెలను మాత్రం బాబాయి వెంటనే వదల్లేదు. మంచు ఆరకముందు గడ్డి కొరికితే, తడి మొనల మీదున్న నట్టల పురుగుల పిల్లలు కడుపులోకి పోతాయట. ఎనిమిదిన్నర దాటాక బయల్దేరాం.

మేత కోసం అంత దూరం నడవాలని నేననుకోలేదు. పత్తి తీసేసిన చేలల్లో ఆకూ అలమూ కొంచెం దొరికింది. మిరప చేల వైపు బాబాయి మందను పోనివ్వలేదు, ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలియదని. దారిలో ఒకచోట ఆగి, సరిహద్దు రాళ్లు పాతిన పెద్ద బీడు చూపించాడు. "మీ తాత ఇక్కడే మేపేవాడు. ఇప్పుడు ప్లాట్లు." ఇల్లు ఒక్కటీ లేదు, ఖాళీ నేలే, కానీ చుట్టూ కంచె. గొర్రెలు కంచె పక్కనే తలలు వంచి నడిచాయి. నాకు కడుపులో దేవినట్టయింది. మనం పట్నంలో కొనుక్కునే స్థలాల కింద ఇలాంటి మేత బీళ్లు ఎన్ని పోయాయో అనిపించింది.

ఎండ ముదిరాక నల్లతుమ్మ చెట్టు నీడన ఆపాడు. దోటితో కొమ్మ ఊపితే కాయలు రాలాయి. మంద మొత్తం ఎగబడింది. నేను పులిహోర పొట్లం విప్పుతుంటే బాబాయి ఒక దొర గొర్రెను చూసి "ఇది ఇవాళ ఈనేలా ఉంది" అన్నాడు. వానలు పడి గడ్డి మొలిచినప్పుడు ఎక్కువ గొర్రెలు చూలు కడతాయి. ఇది ఆలస్యంగా, ఆశ్వయుజం మొదట్లో కట్టింది. మోసేది ఐదు నెలలు. తొలిచూలు.

మూడింటికి అది మంద నుంచి విడిపోయి, కాలితో నేల గీరుతూ పడుకుంది. మంద ముందుకు పోతోంది. "నువ్వు ఇక్కడుండమ్మా, మళ్లేసుకొస్తా" అని బాబాయి వెళ్లాడు. అరగంటలోనే పిల్ల జారి నేల మీద పడింది. తడిగా, పసుపుపచ్చటి జిగురుతో. తల్లి అలసిపోయి అలాగే పడుకుని ఉంది. పిల్ల తల ఎత్తలేక వణుకుతోంది. నాకు టెన్షన్ వచ్చేసింది. చలేస్తోందేమోనని ఒళ్లోకి తీసుకుని, చున్నీతో నెత్తి నుంచి కాళ్ల దాకా శుభ్రంగా తుడిచేశాను.

తల్లి లేచి వచ్చింది. మూతి దగ్గర పెట్టి వాసన చూసింది. వెనక్కి జరిగింది. పిల్ల తడబడుతూ దగ్గరికి పోబోతే తలతో పొడిచింది. మళ్లీ పోతే మళ్లీ పొడిచింది.

బాబాయి వచ్చి నా చేతులు చూశాడు. ఎండకని పొద్దున రాసుకున్న క్రీము వాసన ఇంకా వస్తోంది. "తుడిచావా అమ్మా?" అన్నాడు. అంతే, ఒక్క మాట అనలేదు. ఈనిన తొలి రెండు మూడు గంటల్లో తల్లి పిల్లను నాకుతూ ఆ వాసన పట్టుకుంటుంది. ఆ నాకే తడినే నేను తుడిచేశాను. పిల్లను గొంగడిలో చుట్టి ఇంటికొచ్చేదాకా నా నోట మాట రాలేదు.

పిన్ని ముందు తల్లిని గుంజకు కట్టి, జున్నుపాలు పిండి పిల్ల నోట్లో పోసింది. కడుపులో ఉండగా పిల్లకు తల్లి నుంచి రోగాన్ని ఆపే శక్తి రాదు, ఆ పాలతోనే వస్తుంది. అవి ఆలస్యం కాకూడదు. తర్వాత నా వైపు తిరిగి "ఆ చున్నీ ఏది?" అంది. ఇచ్చాను. ఆరిపోయి అట్ట కట్టిన చోట గోరువెచ్చటి నీళ్లు చల్లి, పిల్ల వీపు మీద, తోక దగ్గర, తల మీద మెల్లగా రుద్దింది. పైన గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు చల్లింది. పిల్ల వెనకే వచ్చే మాయ పడ్డాక దాని తడి కూడా పిల్లకు రాసింది. నన్ను తడిక బయటే ఉండమంది.

ఏడింటికి పొడిచింది. ఎనిమిదింటికి పొడవలేదు, మొహం తిప్పుకుంది. పిన్ని అన్నం కూడా అక్కడే కూర్చుని తింది. తొమ్మిది దాటాక లాంతరు వెలుగులో ఆ గొర్రె తవుడు కోసం నాలుక చాపింది. ఒకసారి నాకింది, ఆగింది. మళ్లీ వాసన చూసింది. ఆ తర్వాత ఆపలేదు. గొంతులోపలే సన్నగా, నోరు తెరవకుండా ఒక శబ్దం చేసింది. పగలంతా గొర్రెల మధ్యే ఉన్నాను, అలాంటి శబ్దం వినలేదు. "పిలుస్తోంది" అంది పిన్ని, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. నలభై ఏళ్లుగా గొర్రెల మధ్య ఉన్న మనిషి.

తెల్లారి బస్సుకు బయల్దేరే ముందు తడిక దగ్గరికి వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. పిల్ల మోకాళ్ల మీద వంగి పాలు తాగుతోంది. తల్లి మెడ తిప్పి దాని తోక దగ్గర మూతి ఆనించి నిలబడి ఉంది. మూల గడ్డి మీద, రాత్రి అవి పడుకున్న చోట నా చున్నీ పరిచి ఉంది. పిన్ని ఉతికిస్తానంది. వద్దన్నాను.