బాగా ఆడుతున్నవాణ్ణే బయటికి పిలుస్తారేంటి?

సిడ్నీకి వచ్చిన కొత్తలో రగ్బీ లీగ్ నాకు అస్సలు ఎక్కలేదు. దున్నపోతుల్లాంటి మనుషులు గుద్దుకుంటారు, పడతారు, లేస్తారు, మళ్ళీ గుద్దుకుంటారు. పర్రమట్టాలో ఉంటాం కాబట్టి మా ఏరియా జట్టు ఈల్స్ మ్యాచ్‌లు చెవిన పడుతూనే ఉంటాయి, సరే చూద్దాం అని కూర్చుంటే పాతిక నిమిషాలకల్లా మాంచి ఊపు మీదున్న ప్రాప్‌ని, అంటే ముందు వరసలో గుద్దుకునే భారీ మనిషిని, కోచ్ బెంచ్ మీదకి పిలిచేస్తాడు. ఒళ్ళు మండేది.

ఆఫీసులో ఈ ఆట పిచ్చి ఉన్న పెద్దాయన ఒకాయన చెప్పాడు, బంతిని చూడకు, 8, 10 నంబర్ల వాళ్ళని, అంటే ప్రాప్‌లని చూడు, ఎన్నిసార్లు కింద పడి లేస్తున్నారో లెక్కపెట్టు అని. పెట్టా. డిఫెన్స్‌లో ప్రతి ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడెయ్యడం) అయ్యాక 10 మీటర్లు వెనక్కి పోవాలి, వెంటనే ముందుకి ఉరకాలి, అది ఒక సెట్‌లో, అంటే అవతలి జట్టు చేతిలో బంతి ఉండే ఒక విడతలో, ఆరుసార్లు, వంద కిలోలు దాటిన ఒంటితో! ఇరవై నిమిషాలు గడిచాక మనిషి వెనక్కి పరిగెత్తడం మానేసి నడుస్తుంటాడు చూడండి, ఆ సందులోంచే అవతలి హుకర్ (ట్యాకిల్ అయినచోట బంతి అందుకుని ఆట నడిపేవాడు) దూరిపోతాడు.

మరి తీసేసి కొత్తవాణ్ణి దింపొచ్చుగా అంటే, ఇక్కడి పెద్ద లీగ్ ఎన్నార్‌ఎల్‌లో ఒక మ్యాచ్‌కి ఒక్కో జట్టుకి మార్పులు 8 మాత్రమే. 1990ల్లో కొన్నాళ్ళు లెక్కే లేదు, ఎన్నిసార్లైనా మార్చుకో అన్నారు, 2001లో 12 చేశారు, 2008లో 10, 2016 నుంచి 8. ఇద్దరు ప్రాప్‌లని ఒకసారి కూర్చోబెట్టి మళ్ళీ దింపితేనే 4 అయిపోయాయి, ఇంక మిగిలిన నాలుగుతో లాక్‌కి (ప్రాప్‌ల వెనకాల ఆడే ఇంకో గట్టి మనిషి), హుకర్‌కి, ఎవడికైనా దెబ్బ తగిలితే వాడికి సర్దుకోవాలి. నెలాఖరు జీతం లెక్కే ఇది. తొందరపడి ముందే వాడేస్తే ఆఖరి పది నిమిషాలు అలిసిపోయినవాళ్ళతోనే నెట్టుకురావాలి. పైగా 2020లో 'సిక్స్ అగైన్' రూల్ వచ్చాక రక్ దగ్గర, అంటే ట్యాకిల్ అయినచోట, చేసే తప్పులకి ఎక్కువసార్లు పెనాల్టీ బదులు ఆట ఆగకుండా కొత్త సెట్ ఇచ్చేస్తున్నారు, ఊపిరి పీల్చుకునే ఆ కాస్త గ్యాప్ కూడా పాయె.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఫాస్ట్ బౌలర్ల స్పెల్స్ అనుకోండి. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో బుమ్రాని మూడు టెస్టులే ఆడించారు, మన సిరాజ్ మాత్రం అయిదూ ఆడేశాడు. ఇక్కడ బ్రిస్బేన్ ప్రాప్ పేన్ హాస్ ఆ సిరాజ్ టైపు, మిగతా ప్రాప్‌లు కూర్చునే టైమ్‌లో కూడా వీడు ఇంకా గుద్దుతూనే ఉంటాడు. అలాంటివాడు ఒకడుంటే కోచ్‌కి ఒకట్రెండు మార్పులు మిగిలినట్టే.

మార్పులు పెంచాలనేవాళ్ళు కూడా ఉన్నారు గానీ నాకైతే ఎనిమిదే ఎక్కువనిపిస్తుంది. పెద్దవాళ్ళు అలిసిపోతేనే కదా చిన్న ఒళ్ళున్న హాఫ్‌బ్యాక్‌లకి (ఆట నడిపించేవాళ్ళకి) దారి దొరికేది.

2023 ఎన్నార్‌ఎల్ గ్రాండ్ ఫైనల్, పెన్రిత్, బ్రిస్బేన్‌ల మధ్య జరిగింది, అందరూ దాన్ని పెన్రిత్ హాఫ్‌బ్యాక్ క్లియరీ మ్యాచ్ అంటారు, నిజమే, గెలిపించిన ట్రై (గీత దాటి బంతిని నేలకి ఆనించి పాయింట్లు తేవడం) అతనిదే. కానీ బ్రిస్బేన్ 24-8తో ముందున్నప్పుడు, అరవై నిమిషాలు దాటాక, పెన్రిత్‌కి మొదటి ఊపిరి పోసిన ట్రై ఎవరిది? వాళ్ళ ప్రాప్ మోసెస్ లియోటాది! చివరికి పెన్రిత్ 26-24. ఆ టైమ్‌కి రెండు వైపులా ఎవరు ఎంతసేపు కూర్చుని వచ్చారో చూద్దామని మొన్న రికార్డింగ్ మళ్ళీ పెట్టి పేపరు, పెన్ను పట్టుకుని కూర్చున్నా, సెకండాఫ్ మొదలయ్యేలోపే మా ఆవిడ రిమోట్ లాగేసుకుంది.