64 స్ట్రాట్: అన్నీ కుదిరాయి, బ్రిడ్జ్ పికప్ తప్ప

మూడు రాత్రులుగా ఇదే పని. ఫెండర్ కంపెనీ 1964లో చేసిన స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ అని చెప్పి, అమ్మేవాళ్ళు వారం రోజులు పెట్టుకుని చూసుకోమన్నారు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. నిన్న రాత్రి వరకు ఇది అసలైనదేనని దాదాపు తేల్చేసుకున్నాను. బ్రిడ్జ్ పికప్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. (పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన భాగం, గిటార్ తీగల కదలికను సిగ్నల్‌గా మారుస్తుంది. స్ట్రాట్‌లో నెక్, మిడిల్, బ్రిడ్జ్ అని మూడుంటాయి.)

ముందు కుదిరినవి. నెక్ హీల్ (బాడీకి బిగించే చివర) మీద ముద్ర ‘2 మే 64 బి’ (ఆ 2 తేదీ కాదు, మోడల్ కోడ్, చాలామంది ఇక్కడే పొరబడతారు). మూడు పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు) మీదా 3046418 ఉంది, అంటే స్టాక్‌పోల్ కంపెనీ (కోడ్ 304) 64లో 18వ వారం చేసినవి. నెక్ పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గుంట) రంగు వేసేటప్పుడు పట్టుకునే కర్ర బిగించిన చోట రంగు పడని పట్టీ అలాగే ఉంది. పిక్‌గార్డ్ (బాడీ ముందు బిగించిన పలక) పాతబడి కుంచించుకుపోయి ఒక స్క్రూ దగ్గర చీలింది. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే సన్‌బర్స్ట్ రంగు అంతా ఒకేలా పసుపుపచ్చగా వెలిగింది, అంటే మధ్యలో మళ్ళీ రంగు వేసిన జాడ లేదు. టార్చ్ కొనేవాళ్ళు 365 నానోమీటర్లదే కొనండి. చవకగా దొరికే 395 టార్చ్‌లో ఊదా వెలుతురే ఎక్కువ, అసలు మెరుపు దాని కింద కనబడదు.

ఇక బ్రిడ్జ్ పికప్. వాల్యూమ్ పూర్తిగా తెరిచి జాక్ (కేబుల్ పెట్టే రంధ్రం) దగ్గర రెసిస్టెన్స్ కొలిస్తే నెక్ పికప్ 5.7 కిలోఓమ్‌లు, మిడిల్ 5.8, బ్రిడ్జ్ 7.2. పికప్‌కి సమాంతరంగా 250 కిలోఓమ్‌ల వాల్యూమ్ పాట్ కూడా ఉంటుంది కాబట్టి లెక్క సరిచేస్తే 5.83, 5.94, 7.41. ఆ కాలపు స్ట్రాట్‌లో బ్రిడ్జ్‌కి వేరే పికప్ చేసేవాళ్ళు కాదు, మూడూ ఒకే రకం. తీగ చుట్టడంలో కాస్త తేడా మామూలే. కానీ నెక్ దానికంటే 27 శాతమా?

గది వేడేమో అనుకున్నాను. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.4 శాతం మారుతుంది. ఉదయం 24 డిగ్రీలప్పుడు, మధ్యాహ్నం 31 అప్పుడు కొలిచాను. మూడూ కలిసే పెరిగాయి, అదీ మూడు శాతం లోపే. పికప్‌లు మార్చే స్విచ్‌లో కాంటాక్ట్ సరిగా లేదేమో అనుకుని ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాను, అంకె కదల్లేదు. వైండింగ్ లోపల షార్ట్ అయితే రెసిస్టెన్స్ తగ్గాలి గానీ పెరగకూడదు.

అప్పుడు భూతద్దం పెట్టి స్విచ్ చూశాను. నెక్, మిడిల్ వైర్ల దగ్గర సోల్డర్ బూడిద రంగులో, మసకగా, ఒకే బొట్టులా గట్టిపడి ఉంది. బ్రిడ్జ్ వైర్ దగ్గర అదే మసక బొట్టు మీద కొంచెం మెరుస్తున్న రెండో పొర, దాని అంచున తేనె రంగు ఫ్లక్స్ (సోల్డర్ చేసేటప్పుడు వాడే జిగురు). గుడ్డ తొడుగు చివర కూడా కాస్త మాడింది. అంటే ఈ పికప్ ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. పికప్ అడుగున ఉండే ఫైబర్ పలక మిగతా రెండింటిలాగే బూడిద రంగుదే, దాని మీది తేదీ మాత్రం సగం చెరిగిపోయింది.

నా ఊహ: ఇది నకిలీ కాదు, పాత బాబిన్ (తీగ చుట్టే చట్రం) మీదే కొత్త తీగ మళ్ళీ చుట్టారు. 42 గేజ్ తీగ మందం 0.0635 మిల్లీమీటర్లు, 43 గేజ్ సుమారు 0.0564. అన్నే చుట్లు 43తో చుడితే రెసిస్టెన్స్ దాదాపు 27 శాతం పెరుగుతుంది. నా తేడా కూడా సరిగ్గా అంతే! లెక్క తేలగానే లేచి నిలబడ్డాను. కానీ అదే 42తో చుట్లు పెంచినా 7.4 రావచ్చు, కాబట్టి ఇంకా రుజువు కాలేదు.

వైరు ఊడదీసి కొలవమని ఒక మిత్రుడు అన్నాడు. మిగిలిన అరవై ఏళ్ళ సోల్డర్ మీద ఐరన్ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎవరూ తాకని సోల్డర్ అతుకు ఒక్కటి పోయినా మళ్ళీ రాదు. అందుకే రేపు ఎల్‌సీఆర్ మీటర్ అడిగి తెస్తున్నాను. జాక్ దగ్గరే, 100 హెర్ట్జ్‌లో ఇండక్టెన్స్ కొలుస్తాను, అది తీగ మందాన్ని బట్టి కాక ముఖ్యంగా చుట్ల సంఖ్యను బట్టి మారుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో పాట్ ప్రభావం చిన్నదే. మూడూ దగ్గర దగ్గరగా వస్తే సన్నని తీగ, బ్రిడ్జ్ ఒక్కటే బాగా ఎక్కువ వస్తే చుట్లు ఎక్కువ. ఆ తర్వాత కాయిల్ అంచున తీగ రంగు ఫొటో తీసి మిడిల్‌తో పక్కపక్కన పెట్టి చూస్తాను.

రీవైండ్ (మళ్ళీ చుట్టింది) అని తేలితే అమ్మేవాళ్ళతో ఆ మాట ముందే చెప్పి బేరం మళ్ళీ మొదలుపెడతాను. గిటార్ మాత్రం వదలను. ఇంతలో ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) కూడా కొలవాలి, 7వ ఫ్రెట్ ఎత్తు మిగతావాటికంటే ఎక్కువ అనిపిస్తోంది.