కొత్త డైరీ, పాత మన్నా

బీరువా సర్దుతుంటే నాలుగైదేళ్ళ కిందటి డైరీ ఒకటి బయటపడింది. మొదటి పేజీ చూసి నాకే ముచ్చటేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, తేదీ కింద రెండు గీతలు, ఒక చిన్న ప్రార్థన, దాని కింద పది నిర్ణయాలు. తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. కోపం తగ్గించుకోవాలి. బైబిలు ఏడాదిలో పూర్తి చేయాలి. ఐదో తేదీకల్లా గీతలు పోయాయి. తొమ్మిదో తేదీకి అక్షరాలు వాలిపోయాయి. జనవరి 12న ఒకే ఒక్క మాట ఉంది: "నిద్ర." ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. మార్చిలో ఒకచోట ఎవరిదో ఫోన్ నంబరు కనిపించింది, పేరు రాసుకోలేదు.

డిసెంబరు ఆఖరి వారంలో తప్పకుండా వినిపించే వచనం ఒకటుంది. బైబిల్లోని 90వ కీర్తన, 12వ వచనం.

"మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము."

ఏడాది చివరి రాత్రి ఆరాధనలో ఇది చదవగానే అందరూ రిజల్ట్స్ కోసం ఎదురుచూస్తున్న పిల్లల్లా బిగుసుకుపోతారు. నాకు మాత్రం ఈ ప్రార్థనలో కాస్త చమత్కారం కనిపిస్తుంది. లెక్కపెట్టడం కూడా మనకు దేవుడే నేర్పాలా? జీతానికి ఇంకా ఎన్ని రోజులుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. వచ్చే ఏడాది సెలవుల్లో ఎన్ని ఆదివారాల్లో కొట్టుకుపోయాయో క్యాలెండరు చేతికి రాగానే చూసేస్తాం. మనం శుభాకాంక్షలు పంపినా తిరిగి పంపనివాళ్ళ లెక్క అయితే ఏళ్ళ తరబడి భద్రంగా ఉంటుంది.

రెండు వచనాల ముందు అదే కీర్తన ఒక అంకె కూడా ఇస్తుంది. మనిషి ఆయుష్షు 70 ఏళ్ళు, బలం ఉంటే 80. లీపు రోజులు వదిలేస్తే 70 ఏళ్ళంటే 25,550 రోజులు. కొందరి ఫోన్లలో ఫోటోలే అంతకంటే ఎక్కువుంటాయి. అన్నట్టు, ఈ లెక్క చెప్పింది ఇశ్రాయేలు జనాన్ని ఈజిప్టు బానిసత్వం నుంచి నడిపించుకొచ్చిన మోషే. ఆయన మాత్రం 120 ఏళ్ళు బతికాడు.

ఈ కీర్తన మోషే చేసిన ప్రార్థన అని పైనే రాసి ఉంటుంది. రోజులు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? దేవుడు ఇస్తానన్న వాగ్దాన దేశాన్ని వేగు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు 40 రోజులు తిరిగొచ్చారు, వాళ్ళలో ఎక్కువమంది జనాన్ని భయపెట్టారు. జనం గొల్లుమన్నారు. రోజుకొక ఏడాది చొప్పున 40 ఏళ్ళు అరణ్యంలో తిరగమని తీర్పు వచ్చింది. అన్నేళ్ళూ ఆ జనంతో, ఆ ఇసుకలో, ఆ సణుగుడు వింటూ గడిపిన మనిషి చేసిన ప్రార్థన ఇది. కొత్త సంవత్సరం మనకు ఎత్తుపల్లాలతో వస్తుంది. ఆయనకు ప్రతి ఏడాదీ ఇసుకే.

ఆ అరణ్యంలోనే మన్నా కురిసింది, అంటే దేవుడు ఆకాశం నుంచి పంపిన ఆహారం. బైబిల్లో నిర్గమకాండము 16వ అధ్యాయం తీరిగ్గా చదివితే నవ్వొస్తుంది. పొద్దున్నే లేచి ఏ రోజుకు సరిపడా ఆ రోజు ఏరుకోవాలి, మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత). రేపటికి దాచొద్దని మోషే చెప్పాడు. చెబితే వినేవాళ్ళెవరు? కొందరు దాచారు. తెల్లారేసరికి అది పురుగు పట్టి కంపు కొట్టింది. మోషేకు కోపం వచ్చింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు, అది పాడవదు. అంటే తప్పు దాచడంలో లేదు, చెప్పిన మాట నమ్మకపోవడంలో ఉంది.

నా డైరీ మొదటి పేజీ చూస్తే వాళ్ళు గుడారాల్లో మన్నా దాచుకున్న కుండలే గుర్తొచ్చాయి. 365 రోజులకు కావలసిన భక్తి, ఓపిక, క్రమశిక్షణ అన్నీ ఒక్క రాత్రే, అదీ అర్ధరాత్రి ఆవలిస్తూ, ఏరి కుండలో పోసేసుకున్నాను. పురుగు పట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. మన్నాతో పోలిస్తే నయమే అనుకోవాలి.

వాగ్దాన కార్డుల సంగతి కూడా చెప్పాలి. చిన్న డబ్బాలో చుట్టి పెట్టిన వచనాల్లోంచి ఒకటి తీసుకుని, అదే మనకు ఆ ఏడాది వాక్యం అనుకుంటాం. చీటీ వేసి వచనం తీయడం పాత అలవాటే. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చోట మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులకు 1728 నుంచి రోజుకొక వచనం ఇవ్వడం మొదలైంది. ఏడాది పొడవునా వాడుకునేలా 1731కి దాన్ని పుస్తకంగా అచ్చేశారు. గమనించండి, వాళ్ళది రోజుకొకటి. మనకు ఏడాది మొత్తానికి ఒకటి. అందుకే కాబోలు అంత టెన్షన్. మొదట తీసిన కార్డులో "శ్రమ" అన్న మాట కనిపిస్తే గుట్టుగా మళ్ళీ డబ్బాలో వేసి ఇంకోటి తీసేవాళ్ళను చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. బైబిల్లో సామెతలు అనే గ్రంథం ఆరో అధ్యాయంలో "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని ఉంది కదా, అది అచ్చేసిన కార్డు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. తగిలితే డైరీ కొనే ఖర్చు మిగిలేది.

ఇంతకీ ఆ అర్ధరాత్రి పన్నెండు గంటలు అంత కచ్చితమైనవేం కావు. ఇంగ్లండులో 1751 దాకా అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1752 నుంచి జనవరి 1కి మార్చారు. అదే ఏడాది క్యాలెండరునే మార్చడంతో సెప్టెంబరు 2 రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి 14వ తేదీ. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా 2011లో తేదీ మారే అంతర్జాతీయ దినరేఖకు రెండో వైపుకి మారి, డిసెంబరు 30ని ఏకంగా వదిలేసింది. అక్కడ గురువారం తర్వాత శనివారం వచ్చింది. శుక్రవారం నుంచి మొదలుపెడతానని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు ఎంత హాయిగా తప్పించుకున్నారో! మనుషులు తేదీల్ని ఇలా జరుపుకుంటూ ఉంటే, వేయి సంవత్సరాలు నిన్నటి రోజులా, రాత్రి ఒక జాములా ఉన్నాయని ఆ కీర్తనే నాలుగో వచనంలో అంటుంది.

దినములు లెక్కించుట అన్నప్పుడు ఎన్ని మిగిలాయన్న లెక్క గురించి మోషే అడిగినట్టు నాకిప్పుడు అనిపించడం లేదు. ఒకటి, మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. పిల్లలు గోళీలు లెక్కపెట్టినట్టు, ఒక్కోదాన్నీ వేలితో తాకుతూ. ఎందుకంటే రెండు వచనాలు దాటగానే ఆయన ఏడాది గురించి ఏమీ అడగడు, పొద్దుటి గురించి అడుగుతాడు: "ఉదయమున నీ కృపచేత మమ్మును తృప్తిపరచుము." మన్నా ఏరుకున్నవాడి నోట్లోంచి ఇంకేం వస్తుంది? ఇక ఆఖరి వచనంలో, మా చేతిపనిని స్థిరపరచుము అని ఒకసారి అని, అదే మాట మళ్ళీ అంటాడు. పెద్దాయన చేసిన పనులు ఎన్ని చెదిరిపోవడం చూశాడో మరి.

ఈసారి కొత్త డైరీ కొనలేదు. పాతదాంట్లో జనవరి 13 నుంచి పేజీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. పైన అచ్చేసిన తేదీ కొట్టేసి, ఇవాళ్టి తేదీ వేశాను. కింద గీతలు గీయలేదు. అన్నట్టు, మార్చిలో ఉన్న ఆ నంబరుకి ఫోన్ చేసి చూడాలి, ఎవరిదో.