రీలులో మిగిలిన ఫొటోలు

మన పాఠశాల సంచికకు ఒక వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు, ఇన్నేళ్ల ఫొటోగ్రఫీ వృత్తిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన ఒక్క విషయం గురించే రాయాలని నిశ్చయించుకున్నాను. ముస్తాబై, వరుసగా నిలబడి, ఊపిరి బిగబట్టి తీయించుకున్న ఫొటోలకంటే, తీసిన నాడు ఎవరూ లెక్కచేయని మామూలు ఫొటోలే కాలం గడిచేకొద్దీ కుటుంబాలకు ప్రాణప్రదమవుతాయి.

నాకు ఈ పని మీద మనసు పడింది రాజమండ్రిలో, మన ప్రయోగశాలలోనే. సైన్సు మాస్టారు ఒకనాడు సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీరు పోసి, విరిగిన పాలలా తెల్లటి అవక్షేపం ఏర్పడగానే దాన్ని రెండు పరీక్షనాళికల్లోకి పంచారు. ఒకదానికి నల్లకాగితం చుట్టి బల్లసొరుగులో పెట్టారు. రెండోదాన్ని కిటికీ గట్టు మీద ఎండలో నిలబెట్టారు. పాఠం పూర్తయ్యేసరికి ఎండలో ఉన్నది ఊదారంగుకు తిరిగి నల్లబడుతోంది, సొరుగులోది తెల్లగానే ఉంది. “ఫొటో అంటే ఇంతేరా, వెండి మీద వెలుతురు చేసే పని” అని ఆయన అన్నారు. ఆ వేసవి సెలవుల్లోనే మెయిన్ రోడ్డులో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. ఎర్రదీపం వెలుతురులో డెవలపర్ తొట్టెలో కాగితాన్ని మెల్లగా కదుపుతుంటే ముందు జుట్టు, కనుబొమలు, ఆ తరవాత ముఖం తేలివచ్చేవి. చివరగా బొమ్మను స్థిరపరిచే హైపో అనే ద్రావణంలో ముంచి, ఆ హైపో పూర్తిగా పోయేదాకా మంచినీళ్లలో కడగాలి, లేకపోతే కొన్నేళ్లకు ఫొటో పసుపుపచ్చగా మారిపోతుంది. వరదల కాలంలో గోదావరి నీరు ఎర్రబడినప్పుడు, నెగటివ్ మీద ఇసుక నలుసు పడకుండా పలచని గుడ్డతో వడకట్టిన నీళ్లే వాడేవాళ్లం.

మా ఇంట్లో నాన్నగారి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. దానిలో 120 సైజు రీలు పడుతుంది, రీలుకు 12 ఫొటోలు వస్తాయి. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు తెలిసిన ఇళ్లలో కెమెరా పండగలకూ పెళ్లిళ్లకే బయటికి వచ్చేది. వేడుక ముగిశాక ఒకటో రెండో మిగిలిపోయేవి. అవి పూర్తయితే గాని రీలు కడగడానికి ఇవ్వరు కనుక, ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని తీసేసేవారు. మా అమ్మ ఫొటోల్లో నాకు అత్యంత ప్రియమైనది అలా వచ్చినదే. మా బాబాయి పెళ్లి రీలులో ఆఖరిది. అమ్మ పెరటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతూ ఉంది, కొంగు నడుముకు దోపుకుంది, చూపు కెమెరా వైపు కాక పొయ్యి మీది పాల వైపు ఉంది. వెనక గోడ మీద పాలవాడి లెక్క కోసం బొగ్గుతో గీసిన గీతలు వరుసగా కనిపిస్తాయి. భూతద్దం పెడితే ఎన్ని సోలలో లెక్కపెట్టవచ్చు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ గోడా లేదు. అమ్మ పోయిన తరవాత అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు కోరింది షష్టిపూర్తి నాటి పట్టుచీర ఫొటో కాదు, ఈ ఫొటోనే. దాన్ని పెద్దది చేసి, ఏమీ దిద్దకుండా, గోడ మీది మసితో సహా అచ్చు వేసి పంపాను.

వృత్తిలో స్థిరపడ్డాక ప్రయాణాల్లోనూ నాకు ఇదే అనుభవమైంది. 1991, 2003, 2015 గోదావరి పుష్కరాలు మూడింటినీ తీశాను. పత్రికలు అడిగేవి రేవులో కిక్కిరిసిన జనాన్ని, హారతిని. ఆ ఫొటోల్లో ఏది ఏ పుష్కరానిదో వెనక రాసుకోకపోతే నేనైనా చెప్పలేను. కాని స్నానం ముగించిన అత్తాకోడళ్లు తడిచీర రెండు కొసలు చెరొకరు పట్టుకుని గాలికి ఆరబెడుతూ, చీర చాటున ఏదో మాట్లాడుకుంటున్న ఫొటో చూడగానే, ఆ రోజు ఎండ ఎంత ఉందో, గాలి ఎటు నుంచి వీచిందో కూడా చెప్పగలను.

పాపికొండల లాంచీ ప్రయాణాల్లో కొండలను తీయడానికి వెళ్లి, లాంచీ ఆగిన చోటల్లా ఒడ్డున ఊళ్లలోకి నడిచేవాణ్ణి. దేవీపట్నం పరిసరాల్లో అలా తీసిన అరుగులు, పశువుల పాకలు, బావి గట్లు చాలాకాలం నా పెట్టెలోనే ఉండిపోయాయి. తరవాత పోలవరం ముంపు కింద ఆ ఊళ్లు ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీకి ఆ ఫొటోలు తీసుకువెళ్లినప్పుడు ఒక పెద్దాయన వాటిని ఒక్కొక్కటే చూస్తూ, నేను ముఖ్యమనుకున్న మనుషుల ఫొటోలు పక్కన పెట్టి, ఒక చింతచెట్టు ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్నారు. “బాబూ, మా గేదెను కట్టేది ఈ చెట్టుకేనండి” అని, అది తమకు ఇమ్మని అడిగారు. మూలన సగమే పడిన ఆ చెట్టును అందం కోసం కత్తిరించకుండా ఉంచినందుకు ఆనాడు నేను పడిన సంతోషం ఏ బహుమతికీ పడలేదు. అప్పటినుంచి మా స్టూడియోలో పాత ఫొటోలు బాగుచేయించుకోవడానికి వచ్చేవారికి, వెనకనున్న సామాను చెరిపేయించవద్దని బతిమాలి మరీ చెబుతున్నాను.

ఇప్పుడు సెల్‌ఫోన్ వల్ల మామూలు క్షణాలకు కొదవ లేదు, అది నిజంగా మంచి మార్పు. అయితే ఫోను పాడైతే ఆ ఏడాదంతా పోతోంది. ప్రతి సంక్రాంతికీ ఇంటిల్లిపాదీ కూర్చుని గడచిన ఏడాది ఫొటోల్లో కొన్నింటిని ఎంచి, కాగితం మీద వేయించి, వెనక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాసుకోవాలని నా మనవి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ఆ గీతలు ముందువైపు ఉబ్బుతాయి.

ఈ సంచికతో పాటు మన పాఠశాల ఫొటోలన్నీ ఒకచోట చేర్చాలని సంకల్పించాం. గ్రూపు ఫొటోలు ఉన్నవారు అట్ట చుట్టూ కత్తిరించవద్దు, కింద రాసిన పేర్లే మనకు ఆధారం. అద్దానికి అంటుకుపోయినవాటిని లాగితే పైపొర అద్దంతో ఊడివస్తుంది కనుక, ఫ్రేముతోనే తీసుకురండి, అద్దం మీదనుంచే కాపీ చేస్తాను. స్కాన్ చేసి పంపేవారు 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకు, తగ్గకుండా చేయండి. గ్రూపు ఫొటోలతో సరిపెట్టుకోకుండా సైకిల్ స్టాండు, మంచినీళ్ల కుళాయి, ఆటస్థలం, వరండాలు పడిన చిన్న ఫొటోలు కూడా వెతకండి. మా రోజుల్లో గంట కొట్టిన అటెండరు గారు మా గ్రూపు ఫొటోల్లో ఒక్కదానిలోనూ లేరు. ఎవరి ఫొటోలోనైనా ఒక మూల, ఎంత మసకగానైనా సరే, ఆయన కనిపిస్తే దాన్ని అన్నిటికంటే ముందు పంపండి.